జీతమెంత? చేతికి వచ్చునదెంత?

ఉగాదినాడు పంచాంగము చదువువారు ప్రతి రాశికిని ఆదాయము చెప్పి ఊరకుండరు. వెంటనే వ్యయమును గూడ చెప్పుదురు. గోపురము కట్టదలచినవాడు పునాది వేయకమునుపే కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనను ప్రభువు బోధ లూకా సువార్త 14వ అధ్యాయమున కలదు. ఈ రెంటిలోని బుద్ధి యొక్కటియే. రాబడిని మాత్రమే చూచినవాడు సగము లెక్క చూచినవాడు.

నేడు మన తెలుగు జిల్లాలనుండి చదువు కొఱకును ఉద్యోగము కొఱకును అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోవు యువతీయువకులు అనేకులు. ఒకనికి అచ్చట ఏటికి లక్ష డాలర్ల జీతము కుదిరినదను వార్త రాగానే ఇంటివారు ఆ సంఖ్యను మారకపు ధరతో హెచ్చవేసి రూపాయలలోనికి మార్చుదురు. వచ్చిన మొత్తమును బట్టి అప్పు తీర్చు గడువును, తాకట్టు పొలము విడిపించు దినమును, చెల్లెలి పెండ్లియు నిర్ణయింతురు. ఆ మొదటి సంఖ్యయే నిజమైన రాబడి కానిచో, దానిపై నిలిపిన యేర్పాటులన్నియు తలక్రిందగును. కావున జీతమునకును చేతికి వచ్చు సొమ్మునకును, చేతికి వచ్చిన సొమ్మునకును నెలాఖరున మిగులు సొమ్మునకును గల భేదమును ఇచ్చట సాధ్యమైనంత సులభముగా వివరింతుము.

1. పన్ను విధించువారు ఎందరు?

మన దేశమున వ్యవసాయేతరమైన ఆదాయముపై పన్ను వేయు అధికారము కేంద్ర ప్రభుత్వమునకే కలదు. రాష్ట్రములు వృత్తి పన్ను మాత్రము వసూలు చేయవచ్చును. అది ఒక మనిషికి ఏటికి 2,500 రూపాయలకు మించరాదని రాజ్యాంగము హద్దు పెట్టినది. కనుకనే గుంటూరున పనిచేసినను, హైదరాబాదున పనిచేసినను, మదరాసున పనిచేసినను ఒకే జీతమునకు ఆదాయపు పన్ను ఒక్కటియే. ఈ యలవాటుచేత అమెరికాలోను అట్లే యుండునని మనవారు తలంతురు.

అచ్చటి పద్ధతి వేఱు. అచ్చట దేశమంతటికిని చెందిన ఫెడరల్ ప్రభుత్వము ఆదాయపు పన్ను తీసికొనును. దానికి తోడు ఏ రాష్ట్రమునకా రాష్ట్రము తన శాసనసభ నిర్ణయించిన రీతిని వేఱుగా ఆదాయపు పన్ను వేయవచ్చును. కొన్ని చోట్ల నగరపాలక సంఘము సైతము మూడవ పన్ను వేయును. ఈ పద్ధతి క్రొత్తది కాదు. విస్కాన్సిన్ రాష్ట్రము 1911లో ఆదాయపు పన్ను చట్టము చేసెను. ఫెడరల్ ప్రభుత్వమునకు ఈ యధికారమును నిస్సంశయముగా నిచ్చిన పదునాఱవ రాజ్యాంగ సవరణ 1913లో అమలునకు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943లో, యజమానియే జీతమునుండి పన్నును ముందుగా తీసివేసి ప్రభుత్వమునకు కట్టు ఏర్పాటు స్థిరపడెను. నాటినుండి ఉద్యోగి చేతికి పూర్తి జీతము వచ్చుట యనునది లేదు.

2. జీతపు చీటిలోని తీసివేతలు

ఒక ఉదాహరణము తీసికొందము. 2024వ సంవత్సరమున వివాహము కాని, పోషింపవలసిన వారెవరును లేని ఒక ఉద్యోగికి ఏటికి 1,00,000 డాలర్ల జీతము కలదనుకొనుడు. అతనికి వేఱు ఆదాయము లేదు.

ఫెడరల్ ప్రభుత్వము ఆ సంవత్సరమున ఇట్టివానికి 14,600 డాలర్లు మినహాయించెను. మిగిలిన 85,400 డాలర్లపై పన్ను మెట్లుమెట్లుగా పడును: మొదటి 11,600 డాలర్లపై నూటికి 10 వంతున, అటుపై 47,150 వఱకు నూటికి 12 వంతున, తక్కిన దానిపై నూటికి 22 వంతున. ఇచ్చట పెక్కురు పొరపడుదురు. "22 మెట్టు నెక్కితిమి" అన్నచో జీతమంతటిపై 22 వంతున పోవునని అర్థము కాదు. ఆ మెట్టు దాటిన భాగముపై మాత్రమే పోవును. కూడగా వచ్చు పన్ను 13,841 డాలర్లు.

రెండవది వృద్ధాప్యపు భృతి కొఱకు సోషల్ సెక్యూరిటీ అను పేర నూటికి 6.2 వంతును, వృద్ధుల వైద్యము కొఱకు మెడికేర్ అను పేర 1.45 వంతును తీయుదురు. వెరసి 7.65 వంతు, అనగా 7,650 డాలర్లు. యజమానియు అంతియే మొత్తమును తనవంతుగా కట్టును.

ఈ రెండు తీసివేతలును దేశమంతట సమానమే. కనుక ఏ రాష్ట్రమున నున్నను మన ఉద్యోగికి మిగులునది:

జీతము . . . . 1,00,000
ఫెడరల్ పన్ను . . . . 13,841
సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ . . . . 7,650
శేషము . . . . 78,509

ఆరోగ్య బీమాకు ఉద్యోగి వాటాగా పోవునదియు, ముదిమి కొఱకు అతడు స్వయముగా దాచుకొనునదియు ఈ లెక్కలో చేర్చలేదు. అవి యజమానిని బట్టియు ఉద్యోగి యిష్టమును బట్టియు మాఱును.

3. రాష్ట్రమును బట్టి భేదము

2025వ సంవత్సరమున తొమ్మిది రాష్ట్రములు జీతములపై ఆదాయపు పన్ను వేయలేదు. అవి అలాస్కా, ఫ్లోరిడా, నెవాడా, న్యూహాంప్‌షైర్, సౌత్ డకోటా, టెనెసీ, టెక్సాస్, వాషింగ్టన్, వయోమింగ్. ఇందు టెక్సాసు ప్రజలు 2019లో ఓటు వేసి, ఇట్టి పన్ను వేయరాదని తమ రాజ్యాంగముననే వ్రాసికొనిరి. పెన్సిల్వేనియా వంటి కొన్ని రాష్ట్రములు ధనికునికిని బీదకును ఒకే వంతున పన్ను వేయును. అచ్చట అది నూటికి 3.07. కాలిఫోర్నియాలో ఆదాయము హెచ్చుకొలది వంతు హెచ్చును. నూటికి ఒకటితో మొదలై, పది లక్షల డాలర్లకు పైబడిన ఆదాయముపై 13.3 వఱకు ఎక్కును.

ఈ సంఖ్యలను మాత్రమే చూచినవారు కాలిఫోర్నియా మిక్కిలి భారమనియు పెన్సిల్వేనియా తేలిక యనియు చెప్పుదురు. మన ఉద్యోగిని మూడు చోట్ల నిలిపి లెక్కింతము.

టెక్సాసున రాష్ట్రపు పన్ను లేదు. చేతికి 78,509 డాలర్లు వచ్చును.

కాలిఫోర్నియాలో ఆదాయపు పన్ను సుమారు 5,200 డాలర్లు. రోగపీడితులైన ఉద్యోగుల సహాయనిధికి 2024లో నూటికి 1.1 వంతున మఱి 1,100 డాలర్లు. వెరసి సుమారు 6,300. చేతికి సుమారు 72,200 వచ్చును.

పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా నగరవాసి రాష్ట్రమునకు 3,070 డాలర్లు కట్టును. అయితే ఆ నగరము తన నివాసుల జీతములపై 2024లో నూటికి 3.75 వంతున వేఱుగా పన్ను తీసికొనెను. అది 3,750. రెండును కలిసి 6,820 డాలర్లు. అనగా కాలిఫోర్నియాకంటె హెచ్చు!

తక్కువ జీతగాని సంగతి యింకను విచిత్రము. ఏటికి 40,000 డాలర్లు గడించువాడు కాలిఫోర్నియాలో ఈ రెండు పద్దులక్రింద సుమారు 1,050 డాలర్లు కట్టగా, ఫిలడెల్ఫియాలో 2,728 కట్టవలసివచ్చును. సమానమైన వంతు సమానమైన భారము కాదు. పదిపుట్ల పంట గలవాడు ఒక పుట్టి యిచ్చుటయు, పది కుంచములు గలవాడు ఒక కుంచము ఇచ్చుటయు లెక్కలో సమానమే. పొయ్యి దగ్గఱ సమానము కాదు. ఒక రాష్ట్రపు పన్ను హెచ్చో తగ్గో తెలిసికొనగోరువాడు మొదట "ఎంత జీతగానికి?" అనియు, "ఏ నగరమున?" అనియు అడుగవలెను.

4. పన్ను లేని రాష్ట్రము దేనితో నడచును?

బడులు, రోడ్లు, రక్షకభటులు అన్ని రాష్ట్రములకును కావలెను. జీతముపై పన్ను వేయని రాష్ట్రము ఆ సొమ్మును మఱియొక ద్వారమునుండి తెచ్చుకొనును.

టెక్సాసులో ఆ ద్వారము ఇల్లు. అచ్చట స్థానిక సంస్థలు ఇంటి విలువపై ఏటేట నూటికి సుమారు ఒకటిన్నర మొదలు రెండు వంతుల వఱకు పన్ను తీసికొనును. 3,40,000 డాలర్ల ఇల్లు కొన్నవాడు ఏటికి అయిదాఱు వేల డాలర్లు కట్టవలెను. జీతపు చీటిలో మిగిలిన 6,300 ఇంచుమించుగా ఇంటి రసీదులో పోయినట్లే. అద్దె యింటివాడు తప్పించుకొనెనా? లేదు, యజమాని ఆ పన్నును అద్దెలో కలుపును. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రజానిర్ణయము మూలమున ఇంటిపన్ను ముఖ్యభాగము కొనుగోలు విలువను ఆధారముగా పన్నుకై నిర్ణయించిన విలువలో నూటికి ఒక వంతునకు మించదు. అయితే 2024లో అచ్చట నడిమి తరగతి యింటి వెల 8,00,000 డాలర్లు దాటియుండెను! వంతు తక్కువైనను విలువ పెద్దది.

రెండవ ద్వారము అంగడి. టెక్సాసు రాష్ట్రము అమ్మకములపై నూటికి 6.25 వసూలు చేయగా, స్థానిక సంస్థలు మఱి రెండు వఱకు చేర్చవచ్చును. వచ్చినదంతయు ఖర్చుపెట్టు కుటుంబమునకు ఇట్టి పన్ను బరువు. సగము దాచుకొనగల కుటుంబమునకు తేలిక.

దీనికి చక్కని దృష్టాంతము కొలంబియా నది. దాని ఉత్తరపు టొడ్డున వాషింగ్టన్ రాష్ట్రములోని వాంకూవరు పట్టణమును, దక్షిణపు టొడ్డున ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లాండు నగరమును కలవు. వాషింగ్టనులో జీతముపై పన్ను లేదు, అమ్మకపు పన్ను కలదు. ఆరెగానులో అమ్మకపు పన్ను లేదు, ఆదాయపు పన్ను నూటికి 9.9 వఱకు కలదు. ఉత్తరమున కాపురముండి దక్షిణమున సరకులు కొన్నచో రెండును తప్పునని యుపాయము పన్నువారు కలరు. కాని దక్షిణమున ఉద్యోగము చేసిన యెడల, ఉత్తరమున నిద్రించినను ఆరెగానునకు ఆదాయపు పన్ను కట్టవలసినదే. దక్షిణమున కొని యుత్తరమునకు తెచ్చి వాడుకొను సరకులపై వాషింగ్టను చట్టమును పన్ను కోరును. అట్లే న్యూజెర్సీలోని ఎడిసన్ ప్రాంతమున నివసించుచు దినదినము న్యూయార్కునకు పోయి పనిచేయువారు ముందు న్యూయార్కు రాష్ట్రమునకు పన్ను కట్టుదురు; అందులకు ప్రతిగా న్యూజెర్సీ తన పన్నులో తగ్గింపు నిచ్చును. కాపురము ఎచ్చటనో చాలదు, పని ఎచ్చటనో కూడ అడుగవలెను.

5. జీవనవ్యయము

పన్ను జీతపు చీటిలో కన్పించును గనుక దానిని గూర్చి అందఱును మాటలాడుదురు. ధరలు ఏ చీటిలోను కన్పింపవు. కాని ఎక్కువ సొమ్మును హరించునవి అవియే.

అమెరికా ప్రభుత్వపు ఆర్థిక విశ్లేషణ శాఖ ఏటేట రాష్ట్రముల ధరలను పోల్చి సూచికలు ప్రకటించును. దేశమంతటి సగటును 100గా తీసికొన్నచో, 2023లో కాలిఫోర్నియాకు సుమారు 112, టెక్సాసునకు సుమారు 97, ఆర్కన్సాసునకు సుమారు 87. ఈ భేదమునకు ముఖ్యకారణము ఇంటి అద్దె. బియ్యము, గుడ్డలు, యంత్రములు ఒక చోటినుండి మఱియొక చోటికి బండిపై పోగలవు గాన వాని ధరలలో అంతరము స్వల్పము. ఇల్లు కదలదు. పని దొరకు చోటనే ఇల్లు కావలెను. కావలసినవారు పెక్కురు, ఇండ్లు కొన్ని.

ఇప్పుడు మన లెక్కను ముగింతము. టెక్సాసున చేతికి వచ్చిన 78,500 డాలర్లను 97చే భాగించి 100చే హెచ్చవేసినచో, దేశపు సగటు ధరలలో దాని నిజమైన విలువ సుమారు 80,900. కాలిఫోర్నియాలోని 72,200 డాలర్లను 112చే అట్లే భాగించినచో వచ్చునది సుమారు 64,500. రెంటికి అంతరము 16,400. అందు పన్నువలన కలిగినది 6,300. ధరలవలన కలిగినది 10,000కు పైమాట. అనగా పన్నుకంటె ధరల దెబ్బయే పెద్దది.

అట్లని కాలిఫోర్నియాకు పోరాదని సిద్ధాంతము చేయరాదు. అచ్చట అదే పనికి జీతము తఱచుగా హెచ్చు. టెక్సాసులో లక్ష డాలర్లతో సమానముగా జీవించుటకు కాలిఫోర్నియాలో ఎంత జీతము కావలెనని వెనుకకు లెక్కించినచో సుమారు 1,31,000 వచ్చును. కావున 1,25,000 ఇత్తుమన్నచో అది పెంపు వలె కనబడు తగ్గింపు. 1,50,000 ఇత్తుమన్నచో నిజమైన పెంపు. మఱియు ఈ సూచికలు రాష్ట్రమంతటి సగటులు. సముద్రతీరమందలి శాన్‌ఫ్రాన్సిస్కోకును లోనాటి ఫ్రెస్నోకును ఒకే రాష్ట్రమున గొప్ప అంతరము కలదు. టెక్సాసు పట్టణములు విశాలములు. సొంత కారు లేనిదే పెక్కు చోట్ల పనికి పోవుట దుర్లభము. కారు వాయిదాయు, దాని బీమాయు, పెట్రోలును లెక్కలో వ్రాసికొనవలెను.

6. మన విద్యార్థులు ఎఱుగవలసినవి

చదువు కొఱకు ఎఫ్-1 వీసాపై పోయి, చదువు ముగిసినపిదప ఆ వీసాపైననే కొంతకాలము పనిచేయువారినుండి, వారు ఆ దేశమున గడపు మొదటి అయిదు పంచాంగ సంవత్సరములలో, సోషల్ సెక్యూరిటీయు మెడికేరును సాధారణముగా తీయరు. పిదప హెచ్-1బి వీసాకు మాఱగానే తీయ మొదలిడుదురు. లక్ష డాలర్ల జీతగానికి ఇది నెలకు సుమారు 637 డాలర్ల తగ్గింపు. జీతము తగ్గలేదు, చేతికి వచ్చునది తగ్గినది. ఇంటికి పంపు సొమ్ము తగ్గినప్పుడు కారణ మెఱుగని తల్లిదండ్రులు కుమారుడు దుబారా చేయుచున్నాడని అనుమానించుటకు ఇది యొక మూలము.

1989లో భారతదేశమునకును అమెరికాకును జరిగిన పన్నుల ఒడంబడికలోని 21వ అధికరణము ననుసరించి, మన దేశపు విద్యార్థులు పైన చెప్పిన స్థిరమైన మినహాయింపును కోరుకొనవచ్చును. పెక్కు దేశముల విద్యార్థులకు ఈ సౌకర్యము లేదు. తెలియక విడిచినవాడు వేల డాలర్ల ఆదాయముపై అనవసరముగా పన్ను కట్టును.

సోషల్ సెక్యూరిటీ భృతి పొందుటకు సామాన్యముగా పదేండ్ల పని కావలెను. ఈ విషయమై రెండు దేశములకును 2025 నాటికి ఒడంబడిక లేదు. అంతకుముందే స్వదేశమునకు మరలివచ్చినవాడు కట్టిన సొమ్ము అచ్చటనే నిలిచిపోవును.

7. లెక్క వేయు క్రమము

ఉద్యోగపు వార్త వచ్చినప్పుడు కాగితము తీసికొని ఈ క్రమమున వ్రాయుడు. మొదట జీతము. దానినుండి ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేరు తీసివేయుడు. పిదప రాష్ట్రపు పన్నును, ఉన్నచో నగరపు పన్నును తీసివేయుడు. ఆరోగ్య బీమా తీసివేయుడు. శేషమును పన్నెండుచే భాగించి నెలకు ఎంతయో తెలిసికొనుడు. అందులోనుండి అద్దె, తిండి, కారు, చదువు అప్పు వాయిదా తీసివేయుడు. చిట్టచివర మిగిలినదానినే రూపాయలలోనికి మార్చుడు. మొదటి పంక్తిని మార్చువాడు స్వప్నమును మార్చుకొనుచున్నాడు. చివరి పంక్తిని మార్చువాడు సొమ్మును మార్చుకొనుచున్నాడు.

పన్ను దోపిడి యని పిల్లలు భావింపరాదు. అచ్చటి బడులను నడపు సొమ్ములో గొప్ప భాగము ఆ ఇంటిపన్ను మూలముననే వచ్చుచున్నది. సుంకపు మెట్టుపై కూర్చున్న మత్తయిని ప్రభువు పిలిచెనేగాని లెక్కలు వ్రాయుట పాపమని చెప్పలేదు. పన్ను ఎగవేయుట తప్పు. పన్నును ఎఱుగకుండుట అవివేకము.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. దూరదేశముననున్న బిడ్డను "జీతమెంత?" అని అడుగుట మాని, "నెలాఖరున ఎంత మిగులుచున్నది?" అని అడుగుడు. మొదటి ప్రశ్నకు వాడు గొప్పగా ఒక సంఖ్య చెప్పి, రాత్రి ఒంటరిగా అప్పుల లెక్క చూచుకొనును. రెండవ ప్రశ్నకు నిజము చెప్పును. నిజము తెలిసిన యిల్లు తాళగలిగినంత అప్పే చేయును. పొలము తాకట్టు పెట్టకమునుపే గోపురపు ఖర్చు లెక్క చూచుకొనును. విద్యార్థులారా, మీరు తరగతిలో నేర్చుచున్న తీసివేతలును భాగహారములును ఇట్టి దినము కొఱకే. వానిని పరీక్షతోనే విడిచిపెట్టకుడు.